డోలమైట్ స్ప్రింటా, కార్టినానా? పాత బ్రిటిష్ స్పోర్టీ ఫ్యామిలీ కారు కొనేవాళ్ళకి

ఇంటిల్లిపాదీ కూర్చోవాలి, డిక్కీలో సామాన్లు పట్టాలి, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం స్పోర్ట్స్ కారులా లాగాలి. 1960లు, 70లలో బ్రిటన్ కంపెనీలు ఈ ఒక్క కోరిక తీర్చడానికి చాలా డబ్బు, ఇంకా చాలా బుర్ర ఖర్చుపెట్టాయి. వాటిలో కొన్ని కార్లు ఇప్పటికీ అక్కడి రోడ్ల మీద తిరుగుతున్నాయి, అమ్మకానికీ వస్తున్నాయి. బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్ళలో వారాంతానికి ఒక పాత కారు ఉంటే బాగుండు అనుకునేవాళ్ళ కోసం ఈ పోలిక.

నేను పోల్చేవి ముఖ్యంగా నాలుగు: ట్రయంఫ్ డోలమైట్ స్ప్రింట్, దాని తమ్ముడులాంటి డోలమైట్ 1850, ఫోర్డ్ లోటస్ కార్టినా, ఫోర్డ్ కార్టినా 1600ఈ. ఫోర్డ్‌దే అయిన ఎస్కార్ట్ ఆర్ఎస్2000 గురించి కూడా రెండు మాటలు చెబుతాను. ఈ కార్ల విషయంలో హార్స్‌పవర్ అంకెలు చూసి కొనడం శుద్ధ దండగ. ఏ కారు ఎలా పుట్టింది, ఎక్కడ తొందరపడ్డారు, ఎక్కడ పొదుపు చేశారు అన్నది తెలిస్తే, ఈరోజు అది ఎక్కడ మొరాయిస్తుందో ముందే చెప్పొచ్చు. అందుకే ఇక్కడ చరిత్ర కాస్త ఎక్కువే ఉంటుంది.

డోలమైట్ పుట్టుక

ఈ కారు కథ 1965లో మొదలవుతుంది. అప్పుడు ట్రయంఫ్ కంపెనీ 1300 అని ఒక చిన్న, కాస్త దర్జా అయిన ఫ్యామిలీ కారు తెచ్చింది. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి వెళ్ళే కారు అది, ఇంజిన్‌ని గేర్‌బాక్స్ మీద కూర్చోబెట్టారు. బాడీ గీసింది ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలోట్టి. ఆయన పేరు తెలియకపోయినా ఆయన గీత మన పెద్దవాళ్ళకి పరిచయమే. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు ట్రయంఫ్ హెరాల్డే, దాన్ని గీసిందీ ఆయనే.

ఆ తర్వాత ట్రయంఫ్ చేసిన పని కార్ల చరిత్రలో అరుదు. లోకమంతా వెనక చక్రాల నుంచి ముందు చక్రాలకు మారుతుంటే, వీళ్ళు అదే బాడీ తీసుకుని ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకు మారారు. ఖర్చు తక్కువ, తయారీ తేలిక, అంతే కారణం. అలా 1970లో టొలెడో వచ్చింది. అదే ఏడాది ముందు చక్రాల కారుని పొడుగు చేసి 1500 అని పెట్టారు. ఆ పొడుగు బాడీకి వెనక చక్రాల డ్రైవ్ బిగించి, కొత్త ఇంజిన్ పెట్టినదే డోలమైట్. 1971 అక్టోబరులో కారుని ప్రకటించారు కానీ, సమ్మెల వల్ల కొనేవాళ్ళ చేతికి వచ్చేసరికి 1972 అయింది. ట్రయంఫ్ బ్రిటిష్ లేలాండ్ అనే పెద్ద సంస్థ చేతిలో ఉన్న రోజులు మరి, సమ్మె లేని నెల ఉండేది కాదు.

ఆ కొత్త ఇంజిన్ కథ ఇంకా తమాషా. నాలుగు సిలిండర్లు 45 డిగ్రీలు పక్కకి వాలి ఉంటాయి. వీ8లో సగం అనుకోండి. నిజంగానే అదే కుటుంబపు వీ8 ట్రయంఫ్ స్టాగ్‌లో ఉంది. అయితే ఈ నాలుగు సిలిండర్ల ఇంజిన్ మొదట కనిపించింది ట్రయంఫ్ కారులో కాదు, స్వీడన్ కంపెనీ సాబ్ తెచ్చిన 99 అనే కారులో. కొత్త కారుకి ఇంజిన్ కోసం వెతుకుతున్న సాబ్‌కి ట్రయంఫ్ దీన్ని తయారుచేసి ఇచ్చింది. తర్వాత సాబ్ దాన్ని తన పద్ధతిలో మార్చుకుంది, ట్రయంఫ్ 1854 సీసీకి పెంచి డోలమైట్‌లో పెట్టింది. 91 హార్స్‌పవర్, 100 మైళ్ళ వేగం. వాల్‌నట్ చెక్క డ్యాష్‌బోర్డు, మంచి సీట్లు. డాక్టర్లు, స్కూలు హెడ్మాస్టర్లు కొనుక్కునే తరహా కారు.

స్ప్రింట్: తెలివంతా సిలిండర్ హెడ్‌లోనే

ఆ కాలంలో బీఎండబ్ల్యూ 2002 అనే జర్మన్ స్పోర్టీ కారు బ్రిటన్‌లో పేరు తెచ్చుకుంటోంది. అలాంటి కారు తక్కువ ధరకి మనమే ఇవ్వాలని ట్రయంఫ్ పట్టుదల. రోవర్ నుంచి ట్రయంఫ్‌కి వచ్చిన స్పెన్ కింగ్ నాయకత్వంలో ఇంజనీర్లు ఇంజిన్‌ని 1998 సీసీకి పెంచి, కొత్త హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) తయారుచేశారు. గాలి, పెట్రోలు లోపలికి, పొగ బయటికి వదిలే వాల్వులు సిలిండర్‌కి నాలుగు చొప్పున 16. ఇప్పుడు ఇది మామూలు విషయం, కానీ అప్పట్లో 16 వాల్వులంటే రేసు కార్లకే. పైగా రేసు ఇంజిన్లలో దానికి రెండు క్యామ్‌షాఫ్టులు, అంటే తిరుగుతూ వాల్వుల్ని తెరిచే కడ్డీలు, ఉండేవి. వీళ్ళు ఒక్కదానితో పని కానిచ్చారు. క్యామ్‌షాఫ్ట్ మీద ఎనిమిది లోబులే (ఉబ్బెత్తు భాగాలే) ఉంటాయి. ఒక్కో లోబు ఇన్‌లెట్ వాల్వుని నేరుగా నొక్కుతుంది, తర్వాత అదే లోబు రాకర్ అనే మీట ద్వారా ఎగ్జాస్ట్ వాల్వుని తెరుస్తుంది. 1974లో దీనికి బ్రిటిష్ డిజైన్ కౌన్సిల్ అవార్డు వచ్చింది. నా మటుకు నేను ఈ నాలుగు కార్లలో అసలైన ఇంజనీరింగ్ తెలివి అంటే ఈ హెడ్డే అంటాను.

కారుకి మొదట డోలమైట్ 135 అని పేరు పెట్టాలనుకున్నారు, అంత హార్స్‌పవర్ వస్తుందని లెక్క. చివరికి అధికారికంగా 127 అని తేలింది, పేరు స్ప్రింట్ అయింది. 1973 జూన్‌లో 1,740 పౌండ్ల ధరకి వచ్చింది. సున్నా నుంచి 60 మైళ్ళకి ఎనిమిదిన్నర సెకన్లు, గరిష్ఠంగా 115 మైళ్ళ పైచిలుకు. నాలుగు తలుపుల ఇంటి కారుకి ఆ రోజుల్లో ఇది చాలా ఎక్కువ. అల్లాయ్ చక్రాలు కంపెనీ నుంచే బిగించి వచ్చిన తొలి బ్రిటిష్ మాస్ కారు కూడా ఇదే. మొదట్లో ఒక్క రంగులోనే అమ్మారు, మిమోసా అనే నిమ్మపండు పసుపు. ఇప్పుడు ఆ పసుపుకే గిరాకీ. రంగు నచ్చకపోతే 1974 తర్వాతి కారు చూసుకోండి. 1975లో ఆండీ రౌస్ ఈ కారుతోనే బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

ఇక దీని జబ్బులు. ఇవి కూడా డ్రాయింగ్ బోర్డు మీదే పుట్టాయి. వాటర్ పంపు ఇంజిన్ పైభాగంలో ఉంటుంది. కూలెంట్ కొంచెం తగ్గితే చాలు, ముందు ఎండిపోయేది పంపే. ఆ తర్వాత ఓవర్‌హీట్, హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోవడం, అల్యూమినియం హెడ్ వంగిపోవడం వరసగా జరుగుతాయి. సరే, హెడ్ విప్పి బాగుచేద్దాం అంటే అక్కడ ఇంకో చిక్కు. దాన్ని పట్టి ఉంచే స్టడ్‌లు (బోల్టుల్లాంటి కడ్డీలు) ఏటవాలుగా ఉంటాయి. ఇనుము, అల్యూమినియం కలిసి తుప్పుపట్టాక అవి బిగుసుకుపోతాయి. హెడ్ ఊడిరాక మెకానిక్‌లు రోజుల తరబడి తంటాలు పడతారు. కొత్తలో డీలర్ల దగ్గర సర్వీసు సరిగా జరగక స్ప్రింట్‌కి వచ్చిన చెడ్డపేరు, చాలావరకు ఈ ఒక్క చోటు నుంచే వచ్చింది.

అలాగని భయపడి వదిలేయాల్సిన కారేం కాదు. హెడ్ ఒకసారి పద్ధతిగా విప్పి, స్టడ్‌లు మార్చి, రేడియేటర్ కొత్తది వేసి, తుప్పు పట్టనివ్వని కూలెంట్ మంచిది పోసి, దాన్ని క్రమంగా మారుస్తూ ఉంటే ఈ ఇంజిన్ బాగానే మన్నుతుంది. కొంతమంది ఎలక్ట్రిక్ వాటర్ పంపు పెట్టించుకుంటారు. పాతకాలపు స్వచ్ఛత ముఖ్యం అనుకునేవాళ్ళకి అది నచ్చదు, వేసవిలో లండన్ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్ళకి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

ఏ ఏడాది స్ప్రింట్? 1975 మే తర్వాతిది. అప్పటినుంచి ఓవర్‌డ్రైవ్ అన్ని కార్లకీ వచ్చింది. గేర్ లివర్ మీదున్న చిన్న మీట జరిపితే మూడు, నాలుగు గేర్లలో ఇంజిన్ తిరుగుడు తగ్గుతుంది. మోటార్‌వే మీద ఇది లేని పాత స్ప్రింట్ గంట నడిపితే చెవులు గీపెడతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవి కూడా దొరుకుతాయి, ఆ కారు ఆకర్షణలో సగం దానితోనే పోతుంది కాబట్టి నేను వద్దంటాను. మొత్తం 22,941 స్ప్రింట్‌లు తయారయ్యాయి. 1980 ఆగస్టులో కోవెంట్రీ దగ్గరి కాన్లీ ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆగిపోవడంతో డోలమైట్ వంశం ముగిసింది. దాని చోటులోకి వచ్చిన ట్రయంఫ్ అక్లెయిమ్ నిజానికి హోండా కారు.

1850 ఎవరికి?

టెన్షన్ పడే స్వభావం ఉన్నవాళ్ళకి. బాడీ అదే, లోపలి దర్జా దాదాపు అదే. ఎనిమిది వాల్వుల హెడ్ కాబట్టి అమరిక సులువు. వాటర్ పంపు, ఏటవాలు స్టడ్‌ల సమస్య దీనికీ ఉంది, అది మర్చిపోవద్దు, కానీ ఇంజిన్ మీద ఒత్తిడి తక్కువ, రిపేరు ఖర్చూ తక్కువ. 1976లో ట్రయంఫ్ తన చిన్న కార్లన్నిటినీ డోలమైట్ పేరు కిందకే తెచ్చినప్పుడు దీన్ని 1850 హెచ్ఎల్ అన్నారు. ఓవర్‌డ్రైవ్ ఉన్న 1850 హెచ్ఎల్ దొరికితే, పిల్లల్ని ఎక్కించుకుని ఆదివారం తిరగడానికి ఇంతకంటే ఎక్కువ కారు చాలామందికి అక్కర్లేదు. అదే వరసలో 1300, 1500 కూడా ఉన్నాయి. వాటిలో పాత ఇనుప ఇంజిన్లు ఉంటాయి, మొండివి, చవక. స్పోర్టీ అనే మాటకి అవి దూరం కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఫోర్డ్ వైపు: లోటస్ కార్టినా

ముందు ఒక చిన్న ముచ్చట. కార్టినా అన్న పేరు ఇటలీలోని కార్టినా దాంపెజో ఊరి నుంచి వచ్చింది, 1956 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు. ఆ ఊరు ఉన్నది డోలమైట్ పర్వతాల్లోనే. పోటీపడ్డ రెండు బ్రిటిష్ కార్లకీ పేర్లు ఒకే కొండల నుంచి దొరికాయి.

1962లో వచ్చిన కార్టినా తేలికైన, చవకైన, నమ్మకమైన ఇంటి కారు. దానికి రేసుల పేరు తేవాలన్నది ఫోర్డ్ ప్రచార విభాగం చూసే వాల్టర్ హేస్ ఆలోచన. రేసు నిబంధనల ప్రకారం కనీసం 1,000 కార్లు తయారుచేయాలి. ఆ పనిని స్పోర్ట్స్, రేసు కార్ల కంపెనీ లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్‌కి అప్పగించారు. ఫోర్డ్ బ్లాకు మీద హ్యారీ మండీ డిజైన్ చేసిన రెండు క్యామ్‌షాఫ్టుల హెడ్ బిగించి 1558 సీసీ ఇంజిన్ తయారుచేశారు. 105 హార్స్‌పవర్, అంటే మామూలు చిన్న కార్టినాకి రెట్టింపు. తలుపులు, బోనెట్, డిక్కీ మూత అల్యూమినియం. తెల్ల రంగు మీద ఆకుపచ్చ పట్టీ. 1963లో వచ్చిన ఈ కార్లని చెస్‌హంట్‌లోని లోటస్ షెడ్డులో బిగించేవారు. 1964లో జిమ్ క్లార్క్ దీనితోనే బ్రిటిష్ సెలూన్ ఛాంపియన్ అయ్యాడు. మలుపులో ముందు చక్రం గాల్లోకి లేచిన కారు ఫొటోలు మీరూ ఎక్కడో చూసే ఉంటారు.

చాప్‌మన్ తొందర మొదటి కార్లలో కనిపిస్తుంది. వెనక సాధారణ లీఫ్ స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు, ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారపు ఫ్రేము పెట్టాడు. రేసు ట్రాక్ మీద బాగానే ఉంది. రోడ్డు మీద ఆ ఫ్రేము వెనక డిఫరెన్షియల్ కేసింగ్ మీద భారం వేసి బోల్టులు వదులయ్యేలా చేసేది, ఆయిల్ కారిపోయేది. 1964 మధ్యలో అల్యూమినియం ప్యానెళ్ళు పోయి మామూలు ఉక్కువి వచ్చాయి. 1965 మధ్యలో ఫ్రేము వదిలేసి లీఫ్ స్ప్రింగులకే తిరిగొచ్చారు. కలెక్టర్లు తొలి కార్ల వెంట పడతారు, ధర వాటికే ఎక్కువ. నడపడానికి కొనేవాళ్ళు చివరివి చూసుకుంటే ఇటు డబ్బూ మిగులుతుంది, అటు వెన్నూ మిగులుతుంది. 1967లో వచ్చిన రెండో తరం కారుని ఫోర్డ్ తన డేగెన్‌హామ్ ఫ్యాక్టరీలోనే తయారుచేసింది. మొదటిదాని పిచ్చి దానికి లేదు, అందుకే ధరా అంత లేదు.

మొదటి తరం లోటస్ కార్టినాలు సుమారు 3,300 మాత్రమే. ఇప్పుడు ధర స్ప్రింట్‌కి చాలా రెట్లు ఉంటుంది. ధర అంత పలుకుతోందంటే నకిలీలు కూడా తప్పవు. మామూలు రెండు తలుపుల కార్టినాకి ట్విన్ క్యామ్ ఇంజిన్ పెట్టి, పచ్చ పట్టీ గీసి అమ్మినవి చాలా ఉన్నాయి. లోటస్ కార్టినాల రిజిస్టరు నడిపేవాళ్ళతో ఛాసిస్ నంబరు చూపించకుండా పైసా ఇవ్వొద్దు. ఇంకో మాట, ఇది రెండు తలుపుల కారు. వెనక సీట్లోకి అమ్మమ్మని ఎక్కించే ప్రయత్నం ఒకసారి చేసి చూడండి, తర్వాత మీరే నిర్ణయించుకోండి.

1600ఈ: నిశ్శబ్దంగా గెలిచేది

1967 అక్టోబరులో వచ్చిన కార్టినా 1600ఈ మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. లోటస్ కారు కోసం కిందకి దించిన సస్పెన్షన్ తీసుకుని, 1600 జీటీ ఇంజిన్ పెట్టి, చెక్క డ్యాష్‌బోర్డు, రోస్టైల్ చక్రాలు, అదనపు లైట్లు బిగించారు. పేరు చివరి 'ఈ' అంటే ఎగ్జిక్యూటివ్ అని. 88 హార్స్‌పవర్, 100 మైళ్ళకి కాస్త దగ్గరగా వెళ్తుంది. స్ప్రింట్ పక్కన నిలబడితే పికప్‌లో తేలిపోతుంది, నిజమే. కానీ ఆ ఇంజిన్ ఫోర్డ్ కెంట్ ఇంజిన్. ఇనుప బ్లాకు, ఇనుప హెడ్, ఏ మూలనున్న పాత మెకానిక్‌కైనా తెలిసిన వ్యవహారం. పార్టులు ఇప్పటికీ సులభంగా దొరుకుతాయి. నాలుగు తలుపులవి బాగా దొరుకుతాయి. 1970 వరకు 50 వేలకు పైగా తయారయ్యాయి. దీని శత్రువు తుప్పే, ముఖ్యంగా ముందు సస్పెన్షన్ స్ట్రట్ బిగించే పైభాగం, తలుపుల కింది పట్టీలు, స్టెప్నీ గుంట. స్ట్రట్ చోటు కుళ్ళితే టింకరింగ్ బిల్లు కారు ధరని దాటిపోవచ్చు.

ఎస్కార్ట్ ఆర్ఎస్2000 కూడా స్ప్రింట్ వచ్చిన 1973లోనే వచ్చింది. 2 లీటర్ల ఇంజిన్, 100 హార్స్‌పవర్, ర్యాలీల పేరు. నడపడానికి వీటన్నిటికంటే సరదా అనేవాళ్ళున్నారు. రెండు తలుపులు, ఇరుకైన వెనక సీటు, ర్యాలీ అభిమానుల వల్ల పెరిగిపోయిన ధర. ఫ్యామిలీ కారు కోసం వెతికేవాళ్ళ జాబితాలో దీనికి చోటు లేదు.

పిల్లలుంటే ఇది ముందు చదవండి

ఈ కార్లలో చాలావాటికి వెనక సీటు బెల్టులు కంపెనీ నుంచి రాలేదు. బ్రిటన్ నిబంధనల ప్రకారం, బెల్టులు లేకుండా తయారైన పాత కారులో మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించకూడదు, మూడేళ్ళు దాటినవాళ్ళు వెనక సీట్లోనే కూర్చోవాలి. బెల్టులు తర్వాత బిగించుకోవచ్చు. నాలుగు తలుపుల డోలమైట్‌కో 1600ఈకో ఆ పని నిపుణుడితో చేయించాకే పిల్లల్ని ఎక్కించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో కారు కొనే ముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే, ఇంజిన్ సంగతి ఆ తర్వాతే.

డబ్బు విషయంలో మంచి కబురు ఉంది. 40 ఏళ్ళు దాటిన కారుని హిస్టారిక్ కింద నమోదు చేయిస్తే రోడ్డు టాక్స్ ఉండదు. పెద్దగా మార్పులు చేయని కారైతే ఏటా ఎంఓటీ తనిఖీ (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసేది) కూడా తప్పనిసరి కాదు. ఎక్కువ పొగ వదిలే వాహనాల మీద వేసే లండన్ యూలెజ్ రుసుమూ పడదు. ఎంఓటీ అక్కర్లేదన్నారు కదా అని మానేయకండి. 50 ఏళ్ళ బ్రేకుల్ని ఏడాదికోసారి వేరేవాళ్ళ కళ్ళతో చూపించుకోవడం మంచిది. అమ్మేవాళ్ళు స్వచ్ఛందంగా ఏటా ఎంఓటీ చేయించిన కారైతే ఆ కాగితాలే సగం కథ చెబుతాయి.

పెట్రోలు సంగతి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు పైపులకి, కార్బ్యురేటర్లకి అది పడదు. ఇథనాల్ తక్కువుండే సూపర్ గ్రేడ్ ఈ5 పోయించండి. స్ప్రింట్‌కి కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఎలాగూ సూపరే కావాలి. లీటరుకి 9 కిలోమీటర్ల దాకా వస్తే సంతోషించాలి. ఇనుప హెడ్ ఉన్న 1600ఈకి సీసం లేని పెట్రోలుకి తగ్గ గట్టి వాల్వు సీట్లు వేయించారో లేదో అడగండి. లేకపోతే ప్రతిసారీ ట్యాంకులో సీసం బదులు మందు కలుపుకోవాలి.

మరి ఏది?

పెట్టుబడిగా చూసేవాళ్ళు, కారుని గ్యారేజీలో పెట్టి తుడుచుకునేవాళ్ళు కాగితాలు పక్కాగా ఉన్న లోటస్ కార్టినా తీసుకోవచ్చు. నాకు దాని మీద గౌరవం ఉంది, కొనాలన్న ఆశ లేదు. మొదటిసారి పాత కారు కొంటున్నవాళ్ళకి, రెంచి పట్టడం రానివాళ్ళకి తుప్పు లేని 1600ఈ. ఇంటిల్లిపాదీ హాయిగా తిరగాలి, డబ్బు అతిగా పెట్టకూడదు అంటే 1850 హెచ్ఎల్. ఫోర్డ్ కార్లతో పోలిస్తే డోలమైట్‌కి బాడీ ప్యానెళ్ళు దొరకడం కష్టం కాబట్టి, అది 1850 అయినా స్ప్రింట్ అయినా, ఇంజిన్ పాడైనదాన్ని తీసుకోండి గానీ బాడీ కుళ్ళినదాన్ని తీసుకోకండి.

ఇక స్ప్రింట్. కాస్త శ్రద్ధ, దగ్గరలో తెలిసిన మెకానిక్, హెడ్ పని చేయించిన బిల్లులు ఉన్న కారు, ఈ మూడూ కుదిరితే నా ఓటు దీనికే. నాలుగు తలుపులతో, ఇంత తెలివైన ఇంజిన్‌తో, ఈ ధరకి ఇంకో కారు లేదు. మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా 1850కి దిగిపోండి.

చూడ్డానికి వెళ్ళే ముందు అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. రేడియేటర్ మూత తీసి కూలెంట్ రంగు చూడండి, తుప్పు నీళ్ళలా ఉంటే హెడ్ లోపల కూడా అలాగే ఉంటుంది. ఆయిల్ మూత కింద తెల్లటి నురగలాంటిది అంటుకుని ఉంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. స్ప్రింట్‌కి స్పార్క్ ప్లగ్‌లు లోతైన గొట్టాల్లో ఉంటాయి, ఒకటి విప్పించి గొట్టంలో నీళ్ళో ఆయిలో చేరిందేమో చూడండి. తర్వాత అరగంట నడపండి, అందులో పది నిమిషాలైనా ట్రాఫిక్‌లో. టెంపరేచర్ ముల్లు మధ్యలో ఆగాలి. ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేయండి. అప్పుడూ ముల్లు అక్కడే ఉండి, కారు కింద చుక్క పడకపోతే, ధర గురించి మాట్లాడ్డం మొదలుపెట్టొచ్చు.